‘అది మామూలే కదా’ అన్న మెసేజ్

(విమానాల మెయింటెనెన్స్ చదువుతున్న విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక రాత్రి జరిగిన సంగతితో మొదలుపెడతాను. నేను లైన్ మెయింటెనెన్స్‌లో లైసెన్సు ఉన్న ఇంజనీరుగా పనిచేస్తున్న రోజులవి. రాత్రి పదకొండు దాటాక ఒక ఎయిర్‌బస్ ఎ320 విమానం వచ్చి ఆగింది. ప్రయాణికులు దిగిపోయారు. నేను కాక్‌పిట్‌లోకి వెళ్లేసరికి కెప్టెన్ టెక్ లాగ్ రాస్తున్నారు. ఈ పుస్తకం గురించి మీకు తెలుసు. గాలిలో ఏ లోపం కనిపించినా పైలట్ అందులో రాయాలి. దానిమీద చేసిన పని రాసి ఇంజనీరు సంతకం పెట్టాలి. ఆ తర్వాతే విమానం కదలాలి. ఆ లోపాన్ని మనవాళ్లు స్నాగ్ అంటారు. ఇవాళ స్నాగ్ ఏమిటండీ అని అడిగాను.

“కొత్తదేమీ లేదండీ. ఒకటో ఇంజన్ ఆయిల్ ఫిల్టర్ క్లాగ్. అది మామూలే కదా” అన్నారాయన. ఆయిల్ వడపోసే ఫిల్టర్ మూసుకుపోయిందని చెప్పే మెసేజ్ అది.

ఆయన అజాగ్రత్త మనిషి కాదు. నేను చూసిన పైలట్లలో అంత శ్రద్ధగా లాగ్ రాసేవారు తక్కువ. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంది. పుస్తకం పేజీలు వెనక్కి తిప్పాను. అయిదు రోజుల్లో అదే మెసేజ్ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఫిల్టర్ విప్పి చూశారు, శుభ్రంగా ఉంది. ఆయిల్‌లో తిరిగే లోహపు రజను పట్టుకునే అయస్కాంతపు ప్లగ్గు తీసి చూశారు, దానికీ ఏమీ అంటుకోలేదు. మూడుసార్లూ ‘నేలమీద పరీక్షించాం, లోపం కనబడలేదు’ అని రాసి సంతకం పెట్టారు. ఆ మూడింటిలో రెండో సంతకం నాది.

మన ఇళ్లలో ‘మామూలే’ అన్నది ఎంతో ఊరటనిచ్చే మాట. ఒళ్లు వెచ్చబడ్డ పిల్లవాడి నుదురు తడిమి అమ్మమ్మ ‘మామూలే, తెల్లారేసరికి తగ్గిపోతుంది’ అంటే ఇంటిల్లిపాదీ కుదుటపడతారు. కాక్‌పిట్‌లో ఒక హెచ్చరిక గురించి ఎవరైనా అదే మాట అన్నారంటే, ఆ హెచ్చరిక అప్పటికే పనిచేయడం మానేసిందని అర్థం. తెరమీద అక్షరాలు వెలుగుతూనే ఉంటాయి. చదివే మనిషిని అవి కదిలించవు.

ఆ విమానం సంగతి చివర చెబుతాను. ఈలోగా ఇలాంటి అపనమ్మకం ఎక్కడిదాకా తీసుకుపోతుందో చూపించే రెండు ఘటనలు చెప్పాలి. మీరు పరీక్షల కోసం వీటిని చదివే ఉంటారు. నేను వాటిని ఆ రాత్రి విన్న మాట వైపు నుంచి చెబుతాను.

మొదటిది 1989 జనవరి 8 రాత్రి, ఇంగ్లండ్‌లో జరిగింది. లండన్ హీత్రో నుంచి బెల్‌ఫాస్ట్ వెళుతున్న బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ వారి బోయింగ్ 737-400. ఆ రకం విమానం అప్పటికి కొత్త. ఇద్దరు పైలట్లకూ కలిపి దానిమీద ఉన్న అనుభవం 76 గంటలే. 28,300 అడుగుల ఎత్తు దాటుతుండగా ఎడమ ఇంజన్‌లో ఒక ఫ్యాన్ బ్లేడు విరిగింది. విమానం గడగడలాడిపోయింది. కాక్‌పిట్‌లోకి పొగ, కాలిన వాసన వచ్చాయి. ఏ ఇంజన్ అని కెప్టెన్ అడిగారు. కో-పైలట్ ఎడమ అనబోయి, మధ్యలోనే మార్చుకుని కుడి అన్నారు.

కుడి ఇంజన్ శక్తి తగ్గించారు. అదే సమయంలో, ఇంజన్ల శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ తీసేయడంతో ఎడమ ఇంజన్‌కు వెళ్లే ఇంధనం కూడా కాస్త తగ్గి, దాని కుదుపు తగ్గుముఖం పట్టింది. ఇద్దరూ ఏమనుకుంటారు? దొంగను పట్టుకున్నామనుకున్నారు. ఏ లోపమూ లేని కుడి ఇంజన్‌ను ఆపేశారు. ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ విమానాశ్రయంలో దిగడానికి వస్తూ, మిగిలిన ఎడమ ఇంజన్ నుంచి ఎక్కువ శక్తి అడిగేసరికి అది పూర్తిగా చేతులెత్తేసింది. రన్‌వేకు కాస్త దూరంలో, కెగ్‌వర్త్ ఊరి పక్కన, ఎం1 రహదారి గట్టుకు విమానం గుద్దుకుంది. విమానంలో ఉన్న 126 మందిలో 47 మంది చనిపోయారు.

నన్ను ఇన్నేళ్లుగా వదలని విషయం ఇంకొకటుంది. ఏ ఇంజన్ చెడిందో కాక్‌పిట్‌లో ఒక గేజీ చెబుతూనే ఉంది. ఎడమ ఇంజన్ కంపనాన్ని కొలిచే గేజీ గరిష్ఠ స్థాయికి వెళ్లి నిమిషాల తరబడి అక్కడే ఉంది. ఆ గేజీలో ఏ తప్పూ లేదు. కానీ దర్యాప్తులో కెప్టెన్ చెప్పినదేమిటంటే, ఆ గేజీని తాను పెద్దగా చూడడం లేదని. వేరే విమానాల్లో వాడిన కంపనం గేజీలు నమ్మదగినవి కాకపోవడంతో ఆ అలవాటు పోయిందని. పాత గేజీలు చేసిన చెడ్డపేరు కొత్త గేజీ నెత్తిన పడింది. పైగా అది మరీ చిన్నది. పెద్ద ముల్లుకు బదులు అంచు చుట్టూ పాకే చిన్న దీపాల గీత. ఇంతకు మించితే ప్రమాదం అని చెప్పే ఎర్ర గుర్తు కూడా దానిమీద లేదు.

మనం ఆ పైలట్లను తప్పు పట్టి ముందుకు పోవడం తేలిక. చాలామంది అదే చేశారు. కానీ ఆ అపనమ్మకాన్ని నేర్పింది ఎవరో ఆలోచించండి. ఎక్కడో ఏదో విమానంలో, ఒక కంపనం సెన్సర్ ఊరికే పైకీ కిందికీ కొట్టుకుంటుంటే, ఎవరో ఇంజనీరు ‘ఈ గేజీ ఇంతే’ అని వదిలేశాడు. ఒకరు కాదు, అనేక చోట్ల, అనేక ఏళ్లపాటు వదిలేశారు. వాళ్లలో ఒక్కరి పేరూ ఏ నివేదికలోనూ లేదు. నేను ఆ నివేదిక గురించి చదివిన ప్రతిసారీ టెక్ లాగ్‌లో నా సంతకం గుర్తుకొస్తుంది.

రెండో ఘటనలో ప్రాణనష్టం లేదు. అందుకే దాన్ని తీరిగ్గా చూడగలం. 2001 ఆగస్టు 24. టొరంటో నుంచి లిస్బన్ వెళుతున్న ఎయిర్ ట్రాన్సాట్ వారి ఎ330 అట్లాంటిక్ మీద ఉంది. 306 మంది ఉన్నారు. కుడి ఇంజన్ గురించి ముందు వచ్చిన సూచనలు మూడు. ఆయిల్ పరిమాణం తక్కువ, ఆయిల్ ఉష్ణోగ్రత తక్కువ, ఆయిల్ ఒత్తిడి ఎక్కువ. మీలో ఇంజన్ చదివినవారు ఒక్క క్షణం ఆలోచించండి. ఆయిల్ తగ్గితే ఒత్తిడి తగ్గాలి, వేడి పెరగాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది. పైలట్లకు పొంతన కుదరలేదు. తమ కంపెనీ మెయింటెనెన్స్ విభాగాన్ని అడిగారు. వాళ్లకూ అంతుపట్టలేదు. ఇవి తప్పుడు సూచనలై ఉంటాయని పైలట్లు అనుకున్నారు. పొంతన లేని కొలతలు వస్తే సెన్సర్ చెడిందని అనుకోవడం మనందరికీ అలవాటే.

కానీ ఆ సూచనలు అబద్ధం చెప్పడం లేదు. కుడి ఇంజన్ దగ్గర ఇంధనపు గొట్టం పగిలి, సముద్రం మీదికి ఇంధనం ధారగా పోతోంది. ఆ ఇంజన్‌లో వేడి ఆయిల్‌ను చల్లబరిచేది ఇంధనమే. రెండూ ఒక పరికరంలో పక్కపక్కన ప్రవహిస్తాయి. లీకు వల్ల ఆ పరికరం గుండా మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చల్లటి ఇంధనం పరిగెత్తింది. ఆయిల్ బాగా చల్లబడింది. చల్లబడ్డ ఆయిల్ చిక్కబడింది. చిక్కబడితే ఒత్తిడి పెరిగింది. మూడు సూచనల్లోనూ తప్పు లేదు. ‘ఇంధనం కారిపోతోంది’ అన్న ఒక్క మాట మాత్రం తెరమీద రాలేదు, ఎందుకంటే ఆ మాట చెప్పే ఏర్పాటు ఆ విమానంలో లేదు.

అరగంట తర్వాత రెండు రెక్కల్లో ఇంధనం సమానంగా లేదన్న సూచన వచ్చింది. చెక్‌లిస్టు తెరిచి చూసి ఉంటే, లీకు అనుమానం ఉంటే ఆగమన్న జాగ్రత్త అందులో ఉంది. పైలట్లు జ్ఞాపకం మీద ఆ పని చేశారు. ఎడమ రెక్కలో ఉన్న ఇంధనాన్ని కుడివైపు మళ్లించారు. అంటే ఉన్నదాన్ని కూడా చిల్లు కుండలో పోశారు. మొదట కుడి ఇంజన్, పదమూడు నిమిషాలకు ఎడమ ఇంజన్ ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ పెద్ద విమానాన్ని పంతొమ్మిది నిమిషాలు ఇంజన్లు లేకుండా జారనిస్తూ అజోర్స్ దీవుల్లోని లాజెస్ రన్‌వే మీద దించారు. టైర్లు పేలాయి, కొందరు గాయపడ్డారు, అందరూ బతికారు. ఆ దింపడంలో వారి నైపుణ్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

గొట్టం ఎందుకు పగిలిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన పని. కొద్ది రోజుల ముందే ఆ ఇంజన్ మార్చారు. తెచ్చి పెట్టిన ఇంజన్ కాస్త పాత రకం. కొత్త రకం హైడ్రాలిక్ పంపు గొట్టాన్ని పాత రకం ఇంధనపు గొట్టం పక్కన బిగించారు. రెండింటి మధ్య ఉండాల్సిన ఎడం లేకపోయింది. రాసుకుని రాసుకుని ఇంధనపు గొట్టం చీలింది. రెండు గొట్టాల మధ్య వేలు దూరేంత సందు కూడా లేకపోతే ఏమవుతుందో మీరు హ్యాంగర్‌లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే తెలుసుకుంటారు.

ఇప్పుడు అసలు ఈ మెసేజ్ ఎక్కడ పుడుతుందో చూద్దాం. తెరమీద కనిపించే మాటకూ ఇంజన్‌లో జరుగుతున్నదానికీ మధ్య చాలామంది మధ్యవర్తులున్నారు. సెన్సర్, దాని తీగ, ప్లగ్గు, ఇంజన్‌ను నడిపే ఫాడెక్ కంప్యూటర్, అక్కడి నుంచి విమానంలోకి వచ్చే తీగలు, హెచ్చరికలు తయారుచేసే మరో కంప్యూటర్, చివరికి తెర. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా తప్పు సమాచారమే తెరకెక్కుతుంది. మనం తెర చూసి ఇంజన్‌ను చూస్తున్నామనుకుంటాం.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా వారి 737 బయలుదేరింది. ఇంజన్ ఎంత బలంగా తోస్తోందో చెప్పే గేజీకి ఆధారం ఇంజన్ ముందుభాగంలో గాలి ఒత్తిడిని పట్టే చిన్న గొట్టం. మంచు కరిగించే ఏర్పాటు వేయకపోవడంతో ఆ గొట్టం మూసుకుపోయింది. గేజీ 2.04 అని చూపిస్తోంది. అసలు విలువ 1.70 దరిదాపుల్లో ఉంది. పక్కనున్న మిగతా గేజీలు తక్కువే చూపిస్తున్నాయి. కో-పైలట్‌కు అనుమానం వచ్చింది, పైకి అన్నారు కూడా. విమానం పోటోమాక్ నది మీది వంతెనను తాకి నదిలో పడింది. వంతెన మీద వెళుతున్న నలుగురితో కలిపి 78 మంది పోయారు. అబద్ధం చెప్పింది ఒక్క గేజీ. పక్కన నిజం చెబుతున్నవి ఎన్నో ఉన్నాయి.

ఇలాంటి అనుభవాల నుంచే నేటి ఏర్పాట్లు వచ్చాయి. ఫాడెక్‌లో రెండు ఛానళ్లుంటాయి. ముఖ్యమైన కొలతలకు ఒక్కో ఛానల్‌కు దాని సొంత సెన్సర్ ఉంటుంది. రెండూ ఒకదాని లెక్క ఒకటి చూసుకుంటాయి. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే, మిగతా కొలతలను బట్టి ఆ విలువ ఎంత ఉండాలో కంప్యూటర్ లెక్కగట్టి, దానికి దగ్గరగా ఉన్నవాడి మాట తీసుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎ320 ఇంజన్‌లో మంటను కనిపెట్టే ఏర్పాటు. ఏ అని ఒకటి, బి అని ఒకటి, వేడిని పసిగట్టే రెండు లూపులు ఉంటాయి. రెండూ మంట అంటేనే కాక్‌పిట్‌లో మంట హెచ్చరిక మోగుతుంది. ఒకటి మాత్రమే అంటే మోగదు. కాబట్టి ఒక లూపులో లోపం వల్ల ఉత్తుత్తి మంట కూత రాదు. ఒక లూపు చెడిపోతే రెండోదాని మాటే చెల్లుతుంది. మరి రెండూ చెడిపోతే? అయిదు సెకన్లలోపే రెండూ తెగిపోతే దాన్ని లోపంగా తీసుకోదు, మంటగానే తీసుకుంటుంది. ఎందుకంటే అంత వెంటవెంటనే రెండింటినీ కాల్చి తెంపగలిగేది మంటే. ఈ ఏర్పాటు ఆలోచించిన మనిషి ఎవరో నాకు తెలియదు. కానీ తీగ తెగడంలో కూడా ఒక కబురు ఉందని ఆ మనిషికి తెలుసు. విద్యార్థిగా ఇది మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది.

హెచ్చరిక ఎప్పుడు చెప్పకూడదో కూడా ఇందులో ఉంది. టేకాఫ్ పరుగులో వేగం 80 నాట్లు (గంటకు సుమారు 150 కిలోమీటర్లు) దాటాక, ఎ320 చాలా హెచ్చరికలను బిగపట్టుకుంటుంది. 1500 అడుగుల ఎత్తు చేరేదాకా అత్యవసరమైనవి తప్ప చెప్పదు. అంత వేగంలో ఏదో చిన్న లోపం గురించి గంట మోగితే, పైలట్ ఉలిక్కిపడి బ్రేకులు వేస్తే, ఆ చిన్న లోపం కంటే ఆ బ్రేకులే ప్రమాదం.

నిబంధనల్లోనూ ఈ జ్ఞానం చేరింది. అమెరికా విమాన నియమావళిలో 25.1322 అనే భాగం పైలట్లకు ఇచ్చే హెచ్చరికల గురించి చెబుతుంది. 2010లో దాన్ని తిరగరాశారు. ఎరుపు ఎప్పుడు వాడాలి, పసుపు ఎప్పుడు వాడాలి అన్నదే కాదు, తప్పుడు హెచ్చరికలనూ అనవసరపు హెచ్చరికలనూ వీలైనంత తగ్గించేలా డిజైన్ ఉండాలని అందులో ఉంది. ఈ రెండూ వేరు. హెచ్చరించే ఏర్పాటే చెడి కూసేది తప్పుడు హెచ్చరిక. ఏర్పాటు బాగానే ఉన్నా అక్కరలేని వేళ కూసేది అనవసరపు హెచ్చరిక. మొదటిదానికి మందు మన చేతిలో ఉంది, రెండోదానికి డిజైన్ చేసేవారి చేతిలో.

ఇప్పుడు మన దేశంలో అందరూ చూసిన ఉదాహరణ. 2016 జనవరిలో మొదటి ఎ320 నియో విమానం లుఫ్తాన్సాకు చేరింది. ఆ ఏడాది మార్చిలో ఇండిగోకు వచ్చింది. ప్రాట్ అండ్ విట్నీ కొత్త రకం ఇంజన్లు. మొదట్లో రెండు చిక్కులు ఎదురయ్యాయి. ఒకటి, స్టార్ట్ కావడానికి చాలా సమయం పట్టేది. ఇంజన్ ఆపాక వేడి గాలి పైకి చేరి, షాఫ్ట్ పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి, అది వెంట్రుకవాసి వంగుతుంది. మెల్లగా తిప్పి దాన్ని సరిచేసుకున్నాకే మంట వెలిగించాలి. రెండోది, ఇంజన్ సాఫ్ట్‌వేర్ లేని లోపాలను ఉన్నాయని చెప్పేది. కాక్‌పిట్‌లో మెసేజ్ వచ్చేది, ఇంజన్ మాత్రం బాగానే ఉండేది. సాఫ్ట్‌వేర్ సవరించి ఆ చిక్కు తీర్చారు. చదివేవారికి ఇది చిన్న సంగతిలా ఉంటుంది. విమానం ఆగే రాంప్ మీద నిలబడ్డవాడికి చిన్నది కాదు. ప్రతి మెసేజ్‌కూ ఒక విమానం ఆగాలి, ఒక ఇంజనీరు ఎక్కాలి, ఒక సంతకం పడాలి.

ఆ తర్వాత ఏమైంది? అదే రకం ఇంజన్లలో మూడో బేరింగ్ దగ్గరి సీలు త్వరగా అరిగిపోవడం మొదలైంది. ఆయిల్‌లో లోహపు రజను ఉందన్న హెచ్చరికలు వచ్చాయి. ఈసారి అవి నిజం. 2018 మార్చిలో, మరో సీలు లోపం వల్ల గాలిలో ఇంజన్లు ఆగిపోవడంతో, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పదకొండు నియో విమానాలను నేలమీదే నిలిపేసింది. ఇంజన్ రకం అదే, కాక్‌పిట్ అదే. మొదట వచ్చిన కబుర్లలో కొన్ని ఉత్తవి, తర్వాత వచ్చినవి అసలువి. మొదటివాటిని సరిచేయకుండా ‘కొత్త ఇంజన్ కదా, ఇలాగే కూస్తుంది’ అని వదిలేసి ఉంటే, రెండోవాటిని ఏ చెవితో వినేవాళ్లం?

నిజమైన మెసేజ్‌లు కూడా ఒక్కసారిగా ముంచెత్తితే మనిషి తట్టుకోలేడన్నది మరో పాఠం. 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి బయలుదేరిన క్వాంటాస్ ఎ380లో రెండో ఇంజన్ పేలి, దాని ముక్కలు రెక్కను చీల్చుకుంటూ పోయాయి. తెరమీద వరుసగా వచ్చిన మెసేజ్‌లను ఒక్కొక్కటిగా చూసి పూర్తి చేయడానికి సుమారు యాభై నిమిషాలు పట్టింది. కాక్‌పిట్‌లో ఆ రోజు అయిదుగురు పైలట్లున్నారు కాబట్టి సరిపోయింది. ఇంధనాన్ని ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు పంపమన్న సూచనను వాళ్లు అమలు చేయలేదు. ట్యాంకులు చిల్లులు పడి ఉండవచ్చని ఆలోచించారు. ట్రాన్సాట్ విమానం గుర్తుందా? కంప్యూటర్ చెప్పిందని కాకుండా, విమానం ఏ స్థితిలో ఉందని అడిగారు. 469 మందీ క్షేమంగా దిగారు. నేలమీదికి వచ్చాక కూడా ఒకటో ఇంజన్ ఆపితే ఆగలేదు, ఆపే తీగలే తెగిపోయాయి. అగ్నిమాపక సిబ్బంది రెండు గంటలకు పైగా నీళ్లూ నురగా కొట్టి ఆపారు.

ఇక మీరూ నేనూ చేసే పనికి వద్దాం. రేపు మీకు ఎక్కువగా ఎదురయ్యే మెసేజ్ ఇలా ఉంటుంది. గాలిలో వస్తుంది, నేలమీద ఉండదు. మీరు వెళ్లి చూస్తే అన్నీ బాగుంటాయి. అప్పుడు చేతికి అందే పని ఒకటుంది. సర్క్యూట్ బ్రేకర్ లాగి మళ్లీ నొక్కడం. కంప్యూటర్‌కు కరెంటు పోయి వస్తుంది, మెసేజ్ పోతుంది. మాన్యువల్ అనుమతించిన చోట రీసెట్ చేయడంలో తప్పు లేదు. కానీ రీసెట్‌తో మెసేజ్ పోతుంది, కారణం పోదు. బయట తెల్లారుతోంది, బోర్డింగ్ మొదలవుతోంది, డ్యూటీ మేనేజర్ వాచీ చూసుకుంటున్నాడు. ఆ ఒత్తిడి ఎంత ఉంటుందో నాకు తెలుసు. దాన్ని నేను తక్కువ చేయను. అందుకే తరచూ తిరిగొచ్చే స్నాగ్‌లను విడిగా లెక్కపెట్టే పద్ధతి పెట్టారు. మూడోసారి వచ్చిన స్నాగ్‌ను మొదటిసారి వచ్చినట్టు చూడకూడదు. ముందువాళ్లు ఏమి చేశారో చదవాలి, వాళ్లు చేయనిది చేయాలి. పైలట్‌ను కూర్చోబెట్టి అడగాలి. ఎక్కేటప్పుడు వచ్చిందా, దిగేటప్పుడా? వానలోనా, ఎండలోనా? శక్తి పెంచినప్పుడా? ఎంతసేపుంది? లాగ్‌లో ఒక్క లైను ఉంటుంది, మనిషి దగ్గర పది లైన్లుంటాయి.

ఆ రాత్రి నేను అదే చేశాను. ‘అది మామూలే కదా’ అన్న కెప్టెన్‌ను కాస్త ఆపి అడిగాను. ఆయన ఇంటికి వెళ్లే తొందరలో ఉండి కూడా మళ్లీ కూర్చున్నారు. ఆలోచించి, “ఎక్కేటప్పుడేనండీ. పవర్ తగ్గించి సమంగా ఎగిరేటప్పుడు పోతుంది” అన్నారు. ముందు మూడుసార్లు మేము ఫిల్టర్‌నే చూశాం, ఎందుకంటే మెసేజ్ ఫిల్టర్ అంది. ఫిల్టర్ మూసుకుపోతే ఒక స్విచ్చి రెండు తీగలను కలుపుతుంది, అప్పుడు మెసేజ్ వస్తుంది. అంటే ఫిల్టర్ మూసుకుపోకపోయినా ఆ రెండు తీగలు ఎక్కడ కలిసినా అదే మెసేజ్ వస్తుంది. ఇంత తేలిక మాట మూడు సంతకాల దాకా ఎవరికీ తట్టలేదు.

మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు, టెక్నీషియన్. లైసెన్సు లేదు గానీ చేతిలో విద్య ఉంది. నన్ను కాక్‌పిట్‌లో కూర్చోమన్నారు. “తెర చూస్తూ ఉండు బాబూ, నేను కింద తీగలు కదుపుతాను. వెలిగితే గట్టిగా అరిచి చెప్పు” అన్నారు. ఇంజన్ మూతలు తెరిచి, హార్నెస్‌ను, అంటే తీగల కట్టను, ఒక చివర నుంచి జానెడు జానెడు చొప్పున వేళ్లతో వంచుతూ వస్తున్నారు. పావుగంట ఏమీ లేదు. ఒక్కసారి తెరమీద పసుపు అక్షరాలు వెలిగి ఆరిపోయాయి. గట్టిగా అరిచాను. కిందికి దిగి పరిగెత్తాను.

తీగల కట్టను పట్టి ఉంచే క్లాంపు ఒకటి ఉంది. లోపల మెత్తగా ఉండాల్సిన రబ్బరు పొర ఒకవైపు ఊడిపోయింది. లోహపు అంచు కట్టకు తగులుతోంది. ఆయన చిన్న అద్దం వెనక్కి పెట్టి టార్చి వేసి చూపించారు. నల్లగా అరిగిన చోట, బియ్యపు గింజలో సగమంత, రాగి మెరుస్తోంది. పక్కపక్కనే రెండు తీగలు. ఇంజన్ బలంగా తిరిగి వణికినప్పుడల్లా అవి తాకుతున్నాయి.

ఆ కట్టలో ఫిల్టర్ స్విచ్చి తీగలు మాత్రమే లేవు. మరికొన్ని సెన్సర్ల తీగలూ ఉన్నాయి. క్లాంపు అంచు వాటి పైపొరను కూడా కోయడం మొదలుపెట్టింది. అయిదు రోజులుగా ఆ మెసేజ్ ఫిల్టర్ గురించి చెప్పింది అబద్ధమే. కానీ ఏదో ఉందని చెప్పింది నిజం. మేము అబద్ధాన్ని పట్టుకుని నిజాన్ని కొట్టిపారేశాం.

ఆ పొద్దున విమానం ఆలస్యమైంది. హార్నెస్ మార్చాం, క్లాంపు మార్చాం, రెండో ఇంజన్ మీద అదే చోట ఉన్న క్లాంపు కూడా చూశాం. ఇంజన్ పూర్తి శక్తితో నడిపి చూశాం. నేను లాగ్‌లో ఈసారి ఆరు లైన్లు రాశాను. పెద్దాయన క్లాంపును గుడ్డలో చుట్టి, ట్యాగ్ కట్టి, బల్లమీద పెట్టి, టీ తాగడానికి వెళ్లారు.

రెండు రోజుల తర్వాత అదే కెప్టెన్ అదే విమానంలో వచ్చారు. మెట్ల దగ్గరే ఎదురయ్యాను. ఆయన లాగ్ పుస్తకం తెరిచి చూపించారు. స్నాగ్ గడిలో ‘ఏమీ లేదు’ అని ఉంది. “ఈసారి ఏది వచ్చినా ఆగి చూస్తానండీ” అన్నారు. నేను పుస్తకం తీసుకుని కాక్‌పిట్‌లోకి వెళ్లాను. తెరమీద ఆ పసుపు అక్షరాలు లేవు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక కూర్చున్నవారు కాస్త గట్టిగా మాట్లాడాలి.